ముందు దానికొక కట్టు ఏర్పరచండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖపట్నం నేపథ్యంగా ఒక మిస్టరీ నవల రాస్తున్నారు. నాయిక అవని పగలు మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, రాత్రిళ్లు పిశాచాలను వేటాడుతుంది. సముద్రపు ఒడ్డున వరుసగా శవాలు దొరుకుతుంటాయి. అమ్మమ్మ ఇచ్చిన కత్తి పట్టుకుని ఆమె ఆ జలపిశాచిని వెతుక్కుంటూ వెళుతుంది. పద్నాలుగు అధ్యాయాలు పూర్తయ్యాయి. చదివిన నలుగురూ అవని బాగుందన్నారు. భయం మాత్రం వేయలేదన్నారు. వెనక ఉన్నది ఎవరో మూడో అధ్యాయంలోనే తెలిసిపోయిందని కూడా అన్నారు. ఏం మార్చాలి, పిశాచి పుట్టుక ఎక్కడ, దాన్ని ఎంత చూపించాలి అని అడిగారు.

మీరు పంపిన మొదటి ఐదు అధ్యాయాలు, మిగతావాటి సారాంశాలు, నోట్సు రెండుసార్లు చదివాను. ఒక వారపత్రికలో ఇరవై రెండేళ్లు సీరియల్ ప్రతులు చూశాను, ఆ తర్వాత పుస్తకాలు దిద్దడమే నా పని. దెయ్యాల నవలలు ఎన్ని చదివానో లెక్క లేదు. మీ అవని నాకూ నచ్చింది. శవాన్ని చూసి ముఖం తిప్పుకోకుండా దాని కాలి వేళ్లు లెక్కపెట్టే అమ్మాయిని రాసిన మనిషికి కథ చెప్పడం వచ్చు. లోపం ఆమెలో లేదు, ఆమె వేటాడే దానిలో ఉంది.

మీ జలపిశాచి ఏమైనా చేయగలదు. మొదటి అధ్యాయంలో నీళ్లలోంచి లేచి మనిషిని లాక్కుపోతుంది. మూడో అధ్యాయంలో ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తు కిటికీ దగ్గర నిలబడుతుంది. ఐదో అధ్యాయంలో అవని కలలోకి వస్తుంది, స్నేహితురాలి గొంతుతో ఫోనులో మాట్లాడుతుంది. ఏ సన్నివేశానికి ఆ సన్నివేశం బాగానే ఉంది. అయితే అది తర్వాత ఏం చేస్తుందో ఊహించడానికి పాఠకుడి చేతిలో ఆధారమేదీ లేదు. ఊహకు అందనిది మొదటిసారి ఉలిక్కిపడేలా చేస్తుంది, రెండోసారికి అలవాటవుతుంది. ఏం జరగబోతోందో తెలిసి, అది జరగకూడదని గట్టిగా కోరుకుంటున్నప్పుడే పాఠకుడికి చేతులు చల్లబడతాయి.

మంత్రగాళ్ల భాషలో 'కట్టు' అనే మాట ఉంది, దాటలేని హద్దు అని. దిక్కులు కట్టడం, నోరు కట్టడం, పొలిమేర కట్టడం. మన కథల్లో కట్టు లేని భూతం కనిపించదు. బేతాళుడినే చూడండి. అంత శక్తిమంతుడూ రాజు మౌనం వీడితేనే చెట్టు మీదికి తిరిగి వెళ్లగలడు. రాజుకేమో తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే శవం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. చిన్నప్పుడు ఆ కథలు చదివిన వాళ్లెవరికీ బేతాళుడి ఆకారం అంత గట్టిగా గుర్తుండదు, ఈ ఇరుకు మాత్రం జీవితాంతం గుర్తుంటుంది. చివరికి రాజు బయటపడేది ఎలాగో గమనించండి. ఆఖరి ప్రశ్నకు ఆయనకు సమాధానం తెలియదు. తెలియదు కనుక మౌనంగా ఉండిపోయాడు, తల పగలలేదు. కత్తితో పని పడలేదు. ఆ కట్టులోనే ఒక సందు ఉంది, ఆ సందులోంచి బయటపడ్డాడు. మీ పద్నాలుగో అధ్యాయంలో అవని కత్తి దూసి పిశాచాన్ని రెండుగా నరుకుతుందని రాశారు. ఆ చోట ఆమెకూ ఇలాంటి సందు కావాలి.

ఇంకో ఉదాహరణ. ఒకప్పుడు తెలుగునాట ఎన్నో ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద 'రేపు రా' అని రాసుకున్నారు. రాత్రివేళ ఇంటింటికీ వచ్చి పిలిచే ఆడదెయ్యం ఆ రాత చదివి వెనక్కి వెళ్లిపోతుందట, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుందట. ఈ చిన్న నమ్మకంలో ఎంత కథ ఉందో చూడండి. దానికి చదవడం వచ్చు. రాసిన మాటకు లోబడుతుంది. నిన్న చదివింది ఈరోజు గుర్తుండదు. ఇప్పుడు పండక్కి గోడలకు సున్నం వేయించి, ఆ రెండు మాటలు మళ్లీ రాయడం మరిచిపోయిన ఇల్లు ఒకటి ఊహించుకోండి. దెయ్యాన్ని చూపించకుండానే మీ గుండె ఆ ఇంటి గడప దగ్గరికి వెళ్లిపోయింది కదా.

నా సంగతి ఒకటి చెబుతాను, మీ నవలకు పనికొస్తుంది. మా అమ్మమ్మది భీమిలి. రాత్రి పూట బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకకూడదని ఆమె ఇంట్లో నియమం. దెయ్యం రెండుసార్లే పిలవగలదు, మూడోసారి పిలిచేది మనిషే. మీ ఇళ్లలోనూ ఇది విని ఉంటారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో ఒక రాత్రి, వీధి తలుపు అవతల నుంచి ఒక ఆడగొంతు అమ్మమ్మను పేరు పెట్టి పిలిచింది. అమ్మమ్మ లేచి కూర్చుంది. ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుంది. గాజులు చప్పుడు కాకుండా ఆ చేతిని తన కడుపుకు అదుముకుంది. రెండోసారి పిలిచింది. మొదటిసారి కన్నా కొంచెం తక్కువ గొంతుతో, తలుపుకు ఇంకొంచెం దగ్గరగా. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఒకటి అయింది, రెండు అయింది. కిరసనాయిలు దీపం పక్కన అమ్మమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి, ఆమె కూడా లెక్కపెడుతోంది. మూడోది రాలేదు. సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు. తెల్లవారేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

పొద్దున్నే కళ్లాపి చల్లుతూ చల్లుతూ ఆగి అమ్మమ్మ ఒక మాట అంది. "ఒకవేళ మనిషే అయితే?" ఆ తర్వాత వారం రోజులు ఆ వీధిలో ఇంటింటికీ వెళ్లి అడిగింది, ఆ రాత్రి ఎవరైనా మా తలుపు దగ్గరికి వచ్చారా అని. ఎవరూ అవుననలేదు. ఆమె చనిపోయేదాకా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదని మా అమ్మ చెప్పేది.

మీ నవలకు కావలసిందంతా ఆ తలుపు దగ్గరే ఉంది. మీ పిశాచికి ఈ ఒక్క కట్టు ఇచ్చి చూడండి. అది రెండుసార్లే పిలవగలదు, పలికిన వాళ్లనే తీసుకుపోగలదు. కిటికీలు, కలలు, ఫోన్లు తీసేయండి. ఈ సంగతి పాఠకుడికి రెండో అధ్యాయానికల్లా తెలిసిపోవాలి. చాలామంది కొత్త రచయితలు ఇలాంటిదాన్ని చివరిదాకా దాచిపెడతారు, అదే రహస్యమనుకుంటారు. రహస్యం అది కాదు. కట్టు తెలిశాకే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. ఇది తెలిసిన మనిషి ఒకడు ఉన్నాడనుకోండి, వాడు మూడుసార్లు పిలిచి తలుపు తీయించుకోవచ్చు. అప్పుడు దొరికిన శవాల్లో కొన్ని దానివి, కొన్ని వాడివి. ఏవి ఎవరివో తేల్చడమే అవని పని. ఇంకో వైపు నుంచి చూడండి. దెబ్బ తిని, గొంతు పోయి, రెండుసార్ల కన్నా పిలవలేని మనిషి గడప ముందు నిలబడితే ఏమవుతుంది? తలుపు తెరుచుకోదు. మీ పిశాచి పుట్టుక ఎక్కడ అని అడిగారు కదా, నేనైతే అక్కడ వెతుకుతాను.

రెండో సంగతి, 'ఎవరు' అన్నది. మూడో అధ్యాయంలోనే ఎందుకు తెలిసిపోయిందో చెబుతాను. అప్పటిదాకా మీ కథలో డబ్బున్నవాడు ఒక్కడే ఉన్నాడు, ఆ పడవల యజమాని. అతను వచ్చినప్పుడల్లా ఉంగరం గురించి, నవ్వు గురించి రాశారు. మిగతా వాళ్లెవరి చేతులూ మీరు చూపించలేదు. పాఠకుడు మీ చూపునే అనుసరిస్తాడు. మీరు ఎవరి వైపు రెండుసార్లు చూశారో అతనే దోషి. దీనికి విరుగుడు ఇంకో నలుగురు అనుమానితులను తెచ్చి నిలబెట్టడం కాదు. ప్రతి చావుకూ మూడు వివరణలు నిలబడేలా రాయాలి. సముద్రం చంపి ఉండవచ్చు, మనిషి చంపి ఉండవచ్చు, అది చంపి ఉండవచ్చు. మూడూ చివరిదాకా సరిసమానంగా నడవాలి.

సముద్రం చంపే పద్ధతి తెలుసుకోండి. ఆర్కే బీచ్‌లో ఏటా ప్రాణాలు తీసేది ఎక్కువగా వెనక్కి లాగే ప్రవాహం. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఎక్కడో ఒక చోట, ఇసుక మేట తెగిన సందులోంచి, సన్నటి ఏరులా సముద్రంలోకి తిరిగి పోతుంది. ఆ చోట అలలు తక్కువగా విరుగుతాయి, నీళ్లు కొంచెం నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. ఈత రానివాళ్లు అక్కడే భయం లేదనుకుని దిగుతారు. ఒడ్డు వైపు ఎదురీది అలసిపోయినవాళ్లు మునిగిపోతారు, ఒడ్డుకు సమాంతరంగా ఈదిన వాళ్లు బయటపడతారు. ప్రశాంతంగా కనిపించే చోటు రమ్మని పిలవడం, లోపలికి వెళ్లాక వదలకపోవడం, ఎదురీదితే ఓడిపోవడం, పక్కకు తప్పుకుంటే బతకడం. మీ పిశాచి నడక అచ్చంగా ఇలాగే ఉంటే, మొదటి మూడు చావుల దాకా ఇది సముద్రమేనని అవని కూడా నమ్మగలదు. పాఠకుడూ నమ్ముతాడు.

శవం గురించి. మీ రెండో అధ్యాయంలో మునిగిన రెండు గంటలకే శవం తేలింది. మునిగిన మనిషి సాధారణంగా అడుక్కు వెళతాడు. లోపల వాయువులు పుట్టాక పైకి వస్తాడు, మన వేడి నీళ్లలో దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. రెండు గంటల్లో ఒడ్డున దొరికిందంటే అలలే విసిరేసి ఉండాలి, లేకపోతే ఎవరో తెచ్చి పెట్టి ఉండాలి. ఇలా చూస్తే మీ పొరపాటే ఒక ఆధారం అవుతుంది. నీళ్లలో ఊపిరి పీల్చి చనిపోయిన వాళ్ల ముక్కు దగ్గర, నోటి దగ్గర సన్నటి తెల్లటి నురగ ఉంటుంది. తుడిచినా ఛాతీ మీద నొక్కితే మళ్లీ వస్తుంది. అవని అది చూసి నిజంగానే మునిగి చనిపోయిందని తేల్చుకుంటుంది. పోలీసులూ అదే రాసుకుంటారు. ఇక్కడ మీకొక చిన్న సన్నివేశం ఇస్తాను, వాడుకోండి.

చనిపోయినావిడ చీరను పంచనామా అయ్యాక ఎవరో దండెం మీద వేశారు. సాయంత్రానికి ఆరిపోయింది. అవని దాన్ని మడత పెట్టబోయి ఆగింది. సముద్రంలో తడిసిన బట్ట ఆరితే గరగరలాడుతుంది, అంచుల వెంట తెల్లటి ఉప్పు చారలు కడతాయి. ఈ చీర మెత్తగా ఉంది. కొంగు నాలుకకు ఆనించింది. ఉప్పు లేదు.

ఆధారాన్ని ఇలా ఇవ్వాలి. శవం సముద్రపు ఒడ్డున ఉంది, మునిగింది మాత్రం మంచినీళ్లలో. పాతనగరంలో పెరటి నూతులున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఊరి చివర ముడసర్లోవ జలాశయం ఉంది, భీమిలికి ఎగువన, సముద్రపు పోటు చేరని చోట గోస్తనీ ఉంది. అవని ఇప్పుడు సముద్రానికి వీపు తిప్పి ఊళ్లోకి నడుస్తుంది, నవల కూడా అక్కడ మలుపు తిరుగుతుంది. ఉప్పు అన్న మాటకు మీరు అదనంగా ఒక్క విశేషణం కూడా తగిలించవద్దు. ఆమె మనసులో ఇంకేదో బాధ ఉన్నప్పుడు, చెయ్యి ఊరికే ఆ పని చేస్తున్నట్టు రాయండి. ఏడుస్తున్న చెల్లెలు పక్కన ఉంటే ఇంకా మంచిది. పాఠకుడు చెల్లెలిని చూస్తాడు, చీర అతని మనసులో ఎక్కడో మిగిలిపోతుంది.

పోలీసు పద్ధతి విషయంలో ఒక దిద్దుబాటు. మీ ఎస్సై 174 కింద కేసు రాశానంటాడు. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, అనుమానాస్పద మరణాలకు అందులో 194వ సెక్షన్. మీ కథ 2025లో జరుగుతోంది. పాతకాలపు హెడ్‌కానిస్టేబుల్ నోట అలవాటుగా 174 అనిపించి, పక్కనున్న కుర్రాడితో సరిదిద్దించండి, ఇద్దరూ సజీవంగా నిలబడతారు.

ఊరి విషయానికి వస్తే, విశాఖను మీరు ప్రేమిస్తారని ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అయినా మూడు చోట్ల మీ ఊరు మీకు ఎదురు తిరిగింది. మొదటిది, అవని రుషికొండ దగ్గర సముద్రంలోకి దిగిపోతున్న సూర్యుణ్ణి చూస్తుంది. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. సాయంత్రం కొండ నీడ ఒడ్డు మీద పడుతూ వచ్చి ముందు ఇసుకను, తర్వాత నీళ్లను కప్పే ఘడియ ఒకటి ఉంటుంది. భయానికి అంతకన్నా మంచి వేళ దొరకదు, దాన్ని వదులుకోకండి. రెండోది, పున్నమి నాటి అర్ధరాత్రి చంద్రుడు సముద్రంలోంచి పైకి వచ్చాడన్నారు. పున్నమి చంద్రుడు సూర్యాస్తమయం వేళకే ఉదయిస్తాడు, అర్ధరాత్రికి నడినెత్తి మీద ఉంటాడు. అర్ధరాత్రి నీళ్లలోంచి లేచేది బహుళ అష్టమి నాటి సగం చంద్రుడు. ఆ దృశ్యమే కావాలంటే తిథి మార్చండి. మూడోది, నీళ్లు మైలు దూరం వెనక్కి పోయి నేల బయటపడిందన్నారు. మన దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య తేడా రెండు మీటర్ల లోపే. మైలు దూరం వెనక్కి పోతే అది సునామీ, ఊరంతా పరుగెత్తాలి.

నాలుగోది పొరపాటు అనను, మీకు తెలియకుండా దొరికిన నిధి అంటాను. మే నెలలో మరబోటు వలలో శవం చిక్కిందని రాశారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, రంగులు వేస్తుంటారు, వలలు బాగుచేసుకుంటుంటారు. మరి మీ బోటు మేలో సముద్రం మీద ఏం చేస్తోంది? దొంగచాటుగా వెళ్లింది. అంటే శవాన్ని చూసిన ఐదుగురూ నిజం చెప్పలేరు. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో అబద్ధం చెబుతారు, జరిమానాకు భయపడి. హత్యతో సంబంధం లేని మనుషుల ఈ చిన్న అబద్ధం మీ దర్యాప్తును ఆరు అధ్యాయాల పాటు తప్పుదారిలో నడిపించగలదు. చెడ్డవాళ్లు కానివాళ్లు, పొట్టకూటి కోసం చెప్పే అబద్ధమే మిస్టరీకి అన్నిటికన్నా గట్టి తాళం.

అవని ఉద్యోగం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆమెకు ఏమీ ఇవ్వడం లేదు. పగటి అవనికీ రాత్రి అవనికీ సంబంధం లేదు, అందుకే ప్రతి శవం దగ్గరికీ ఆమెను లాక్కురావడానికి మీరు ఒక స్నేహితుడి ఫోను వాడాల్సి వస్తోంది. ఆమెను గజ ఈతగాడి కూతుర్ని చేయండి. పెదజాలరిపేటలోనో, దానికి దగ్గరగానో పుట్టి, తండ్రితో పాటు శవాలను ఒడ్డుకు తెచ్చే పని చేస్తూ పెరిగిన పిల్ల. పోలీసులే కబురు పెడతారు. మొదట చూసేది ఆమే, ముట్టుకునేది ఆమే. ఆ ప్రవాహాలు ఆమె ఒంటికి తెలుసు. ఆడపిల్ల ఈ పని చేయడమేమిటని వాడలో అనేవాళ్లుంటారు, కన్నబిడ్డ శవాన్ని అప్పగించినందుకు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్లూ ఉంటారు. అమ్మమ్మ ఆమెను అవని అని పిలవదు, 'నూకాలు' అంటుంది. అనకాపల్లి నూకాలమ్మ పేరు పెట్టుకున్న ఆడపిల్లలు ఉత్తరాంధ్ర అంతటా ఉన్నారు. రెండో పిలుపు ఏ పేరుతో వచ్చిందన్నది ఒక రాత్రి ఆమె ప్రాణాన్ని కాపాడవచ్చు కూడా.

వేట సన్నివేశాలకు భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను ఎంచుకున్నారు, మంచి చోటు. అయితే అక్కడ మీరు వర్ణన మీద ఆధారపడ్డారు, ఆ నేల గుణం మీద ఆధారపడండి. ఆ ఇసుక రేణువులకు ఇనుప తుప్పు పట్టి ఎర్రబడింది. వానకు ఇట్టే కోసుకుపోతుంది, ప్రతి వానాకాలంలోనూ గండ్లు లోతవుతాయి, కొత్తవి పుడతాయి. మే నెలలో నూకాలు కాళ్లతో కొలుచుకుని గుర్తు పెట్టుకున్న దారి అక్టోబరులో ఉండదు. పరుగెత్తుతూ వచ్చి, మలుపు ఉండాల్సిన చోట గోడ ఎదురైతే ఎలా ఉంటుందో రాయండి.

హుద్‌హుద్ తుఫానును మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, నాకు చాలా బాధనిపించింది. 2014 అక్టోబరు 12న ఈ ఊళ్లో ఉన్న మనిషిని నేను. ఆ గాలి చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత కొన్ని రాత్రులు కరెంటు లేని, ఫోన్లు పనిచేయని నగరం, నీళ్ల క్యానుల కోసం వరసలు, పడిపోయిన చెట్ల పచ్చి వాసన. మీ కథలో పాత చావు ఒకటి ముప్పై ఏళ్ల కిందట జరిగిందన్నారు. అది అలాగే ఉండనివ్వండి, రెండో చావును మాత్రం హుద్‌హుద్ రోజుకు మార్చండి. తుఫాను కన్ను నేరుగా దాటే చోట గాలి కాసేపు ఆగిపోతుంది, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. వాయవ్యంగా సాగే తుఫానుకు మొదట ఈశాన్యం నుంచి, తర్వాత నైరుతి నుంచి. కాబట్టి మొదటి విడతలో కూలిన చెట్లు నైరుతికి తల పెట్టి పడి ఉంటాయి, రెండో విడతలోవి ఈశాన్యానికి. ఇప్పుడు ఒక మనిషి చెట్టు కింద నలిగి చనిపోయి ఉన్నాడు. గాలి ఆగినప్పుడు బయటికి వెళ్లాడని ఇంట్లోవాళ్లు అందరితో చెప్పారు. ఆ చెట్టు నైరుతికి తల పెట్టి ఉంది. పదకొండేళ్ల తర్వాత, ఎవరో ఫోనులో తీసిన మసక ఫోటో చూస్తూ నూకాలు దాన్ని పట్టుకోవాలి. ఆ ఇంటివాళ్లు అబద్ధం చెప్పారు. ఆ మనిషి వెళ్లిన వేళకు గాలి ఆగలేదు, అంత గాలిలో తలుపు తీసి వెళ్లాడంటే ఎవరో పిలిచారు.

దాన్ని ఎంత చూపించాలి అని అడిగారు. సింహాచలం అప్పన్నను ఏడాది పొడుగునా చందనపు పూతలోనే దర్శించుకుంటాం, నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్కరోజే. దేవుడితో పోలిక తెస్తున్నానని అనుకోవద్దు, చూపడంలో ఆ నిగ్రహం గురించే అంటున్నాను. ఆ ఒక్కరోజు కోసం జనం ఎంత దూరం నుంచి నడిచి వస్తారో మీకు తెలుసు. మీ పుస్తకంలోనూ అది ఒక్కసారే కనిపించాలి. తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు తీసేయండి, అవి సినిమాల్లో అరిగిపోయాయి.

రెండు విషయాల్లో మాత్రం బతిమాలుకుంటాను.

మీ ఎనిమిదో అధ్యాయపు సారాంశంలో ఏజెన్సీ గ్రామంలోని ఒంటరి ముసలావిడ చిల్లంగి, అంటే చేతబడి, చేసి ఆ పిశాచిని లేపిందని రాశారు. దయచేసి ఆ పని చేయకండి, అమ్మా. చిల్లంగి చేస్తోందన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన మన్యం నుంచి ఎన్నిసార్లు వచ్చాయో మీకూ తెలుసు. ఎక్కువగా దిక్కులేనివాళ్లే బలవుతారు. ఆ అనుమానమే నిజమని తేల్చే నవల మన చేతుల మీదుగా రాకూడదు. ఊరు ఆమెను అనుమానించనివ్వండి, నూకాలు కూడా ఒక అధ్యాయం పాటు అనుమానించనివ్వండి, ఆ అనుమానం వల్ల జరిగిన హాని మీద ఆమెను నిలబెట్టండి. ఆ ముసలావిడకు కట్టు సంగతి తెలిసి ఉండవచ్చు. అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది, అంతే.

రెండోది, 1971 డిసెంబరులో మన తీరానికి దగ్గరగా మునిగిపోయిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ. అందులోని నావికులను పిశాచాలుగా లేపాలన్న ఆలోచన మీ నోట్సులో ఉంది. వాళ్లు ఏ దేశపు వాళ్లయినా, ఎదురుచూసి ఏడ్చిన ఇళ్లున్న నిజమైన మనుషులు. 1942 ఏప్రిల్ 6 నాటి జపాను బాంబుల్లో చనిపోయిన వాళ్ల విషయంలోనూ నాది ఇదే మాట. చరిత్రను వాడుకోండి, ఆ రోజుల చీకటిని, లైట్లు ఆర్పేసి ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయిన జనాన్ని రాయండి. ఖాళీ ఇంట్లో మిగిలిపోయిన ఒక కల్పిత మనిషిని పుట్టించుకోండి. చనిపోయిన అసలు మనుషులకు కోరలు పెట్టవద్దు.

యాస గురించి ఒక్క మాట. కథనం ఇప్పుడున్నట్టే మామూలు భాషలో ఉండనివ్వండి. సంభాషణల్లో ఉత్తరాంధ్ర పలుకుబడి అమ్మమ్మకు పూర్తిగా, నూకాలుకు సగం, ఎస్సైకి అసలు లేకుండా ఇస్తే ఎవరు మాట్లాడుతున్నారో పేరు రాయకుండానే తెలుస్తుంది.

ఇక కత్తి. అమ్మమ్మ కత్తి మీకు చాలా ఇష్టమని తెలుసు, తీసేయమనను. అయితే ఆ కత్తి ఎందుకు ఇచ్చిందన్న ప్రశ్నకు మీ దగ్గర సమాధానం లేదు. వంశపారంపర్యం అన్నారు, అది సమాధానం కాదు. ముప్పై ఏళ్ల కిందటి రాత్రి తలుపు అవతల రెండుసార్లు పిలిచిన ఆడమనిషికి ఈ అమ్మమ్మ తలుపు తీయలేదనుకోండి. తెల్లవారి గడప మీద ఆమె చేతిలోంచి జారిపడిన కత్తి దొరికిందనుకోండి. తనను పొడవడానికి వచ్చిన వాడి చేతిలోంచి లాక్కున్నది. మనవరాలికి అమ్మమ్మ ఇచ్చింది ఆయుధం కాదు, ముప్పై ఏళ్లుగా ఎవరికీ చూపించలేక దాచుకున్న సాక్ష్యం. పిడి మీది గుర్తు పడవల యజమాని ఇంటిదా, ఇంకొకరిదా అన్నది మీ ఇష్టం. ఇంకొకరిదైతే మూడో అధ్యాయంలో అతన్ని పట్టేశామనుకున్న మీ నలుగురు పాఠకులూ చివర్లో నివ్వెరపోతారు. బేతాళ కథలో రాజుకు దొరికినట్టు నూకాలుకూ ఆ రాత్రి ఒక సందు కావాలన్నాను కదా. రెండుసార్లు మాత్రమే పిలవగలిగిన దాని తరఫున మూడో పిలుపు ఎవరైనా పిలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. బయట అది, లోపల అమ్మమ్మ, మధ్యలో తలుపు. పిలవాల్సింది నూకాలు.

ముందు ఐదో అధ్యాయం మళ్లీ రాయండి. కలలు, ఫోను తీసేసి, ఆ చోట అమ్మమ్మ మనవరాలి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టే రాత్రి పెట్టండి. చీర సన్నివేశం దాని తర్వాతే రావాలి. పూర్తయ్యాక ఆ రెండూ పంపండి, చదివి రాస్తాను.